బూటు లేసు ఊడేది బిగువు చాలక కాదు

నడకలో బూటు లేసు ఊడిపోతే దాదాపు అందరూ చేసే పని ఒక్కటే. వంగుతారు, మళ్లీ కడతారు, ఈసారి ఇంకాస్త గట్టిగా లాగుతారు. కొంత దూరం పోయాక అదే లేసు మళ్లీ నేల మీద ఈడుస్తూ కనిపిస్తుంది. ఇక లాభం లేదనుకుని ముడి మీద ముడి వేస్తారు. సాయంత్రం బూట్లు విప్పేటప్పుడు ఆ పీటముడితో గోళ్లు విరగ్గొట్టుకుంటారు. రోగం ఒకటైతే మందు ఇంకొకటి అన్నట్టుంది ఈ వ్యవహారం. లేసు ఎంత గట్టిగా లాగాం అన్నదానికీ అది ఊడడానికీ ఉన్న సంబంధం చాలామంది అనుకునేంత పెద్దది కాదు.

ముడిని నిలబెట్టేది రాపిడి. లేసు తన మీద తాను ఎన్ని చోట్ల ఒత్తుకుంటోంది, ఏ వైపు మెలి తిరిగింది, దాని పైపొర ఎంత గరుకుగా ఉంది అన్నవే ఇక్కడ ముఖ్యం. చేత్తో లాగిన బిగువు వీటికి తోడు మాత్రమే. ముడి తప్పుగా పడితే, ఎంత బలం పెట్టి లాగినా ఊడడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

అడుగు పడినప్పుడు ముడిలో జరిగేది

ఇంత మామూలు విషయాన్ని శాస్త్రవేత్తలు పట్టించుకుంది ఆలస్యంగానే. 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్‌కు చెందిన క్రిస్టఫర్ డైలీ-డైమండ్, క్రిస్టీన్ గ్రెగ్, ఆలివర్ ఓరైలీ ఇదే ప్రశ్న మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతున్న మనిషి కాలి ముడిని స్లో మోషన్ కెమెరాతో చిత్రీకరించి, అది ఎలా విడిపోతోందో చూశారు. పాదం నేలను తాకిన ప్రతిసారీ ముడికి గురుత్వాకర్షణకు దాదాపు 7 రెట్ల కుదుపు తగులుతోందని తేలింది. ఆ దెబ్బకు ముడి ఒక్క క్షణం సాగి, మళ్లీ వదులవుతుంది. అదే సమయంలో ముందుకీ వెనక్కీ ఊగే కాలు లేసు కొసలను అటూ ఇటూ విసురుతుంటుంది. ముడి పట్టు సడలిన ఆ క్షణంలోనే, విసురుకు పోతున్న కొసలు లోపలి లేసును కొద్దికొద్దిగా బయటికి లాగేస్తాయి.

ఈ రెండూ కలిసి జరగాలి. కూర్చుని కాళ్లు ఊపుతూ ఉంటే లేసు ఊడలేదు. ఒకేచోట నిలబడి పాదాన్ని నేలకేసి కొడుతూ ఉన్నా ఊడలేదు. కుదుపు ముడిని వదులు చేయాలి, ఊపు కొసను లాగాలి, అప్పుడే పని జరుగుతుంది. కొసలకు చిన్న బరువులు కట్టి చూస్తే ముడి విడిపోవడం ఇంకా ఎక్కువైంది.

ఇందులో గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ముడి చాలాసేపు చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది, ఆ తర్వాత కొన్ని సెకన్లలోనే మొత్తం జారిపోతుంది. కారణం సులువుగానే అర్థమవుతుంది. కొస కాస్త పొడవైతే విసురు పెరుగుతుంది, విసురు పెరిగితే కొస ఇంకాస్త బయటికి వస్తుంది, అటువైపు చెవి (ముడికి పక్కన ఉంగరంలా నిలిచే మడత) అంతే చిన్నదవుతుంది. అందుకే “ఇప్పుడే చూశా, బాగానే ఉంది కదా” అని జనం తెల్లబోతుంటారు. వాళ్లు చూసింది నిజమే. ముడి బయటికి బాగానే కనిపించే దశ చాలా పెద్దది, ఊడే దశ చాలా చిన్నది.

ఆ ప్రయోగం పరుగు మీద జరిగింది. నడకలో కుదుపు అంత ఉండదు. కానీ నిమిషానికి 100 అడుగుల మామూలు నడకలో గంటకు ఒక్కో పాదం 3,000 సార్లు నేలను తాకుతుంది. రాళ్ల బాట మీద, ముఖ్యంగా దిగుడులో, ప్రతి అడుగూ చదును నేల మీద కంటే గట్టిగానే పడుతుంది. రోజంతా నడిచేవాళ్ల బూటు ముడికి తగిలే దెబ్బల లెక్క చిన్నదేం కాదు.

అసలు తేడా దిశలో ఉంది

మనం రోజూ వేసే లేసు ముడిలో రెండు భాగాలుంటాయి. మొదట రెండు లేసులనూ ఒకదాని మీదుగా ఒకటి వేసి, కిందనుంచి దూర్చి లాగుతాం. తర్వాత ఒక లేసును చెవిలా మడిచి, రెండోదాన్ని దాని చుట్టూ తిప్పి, మడతగా దూర్చి లాగుతాం. ఈ రెండు భాగాల మెలికలూ ఒకదానికొకటి ఎదురు దిశలో పడితే అది రీఫ్ నాట్ మీద కట్టిన ముడి. రెండూ ఒకే దిశలో పడితే అది గ్రానీ నాట్ మీద కట్టింది. బయటికి చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. నిలిచే తీరులో మాత్రం పొంతన లేదు. బర్క్‌లీ ప్రయోగాల్లోనూ గ్రానీ రకమే తరచుగా ఓడిపోయింది.

తన ముడి ఏ రకమో తెలుసుకోవడానికి పావు నిమిషం చాలు. బూటు కట్టుకున్నాక రెండు చెవులనూ వదిలేసి, వాటి అడుగున, ముడికి చెరోవైపు కన్నాల్లోంచి వచ్చే లేసును రెండు చేతులతో పట్టుకుని పక్కలకు లాగాలి. చెవులు బూటుకు అడ్డంగా, ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ, అలాగే ఉండిపోతే ముడి సరిగా పడ్డట్టే. ముడి మెల్లగా తిరిగి ఒక చెవి వేళ్ల వైపు, ఇంకొకటి చీలమండ వైపు నిలువుగా నిలబడితే అది గ్రానీ. చాలామంది కట్టుకున్న వెంటనే చెవులను చేత్తో సర్ది అడ్డంగా పెట్టేస్తారు కాబట్టి ఊరికే చూస్తే తెలియదు, లాగి చూడాల్సిందే. నాలుగడుగులు వేశాక చెవులు వాటంతట అవే నిలువుకు తిరిగిపోయే బూట్లను గమనిస్తే, వాటి యజమానులే పదేపదే ఆగి వంగుతుంటారు.

దిద్దుకోవడం కూడా తేలికే, కాకపోతే ఎక్కడ దిద్దుకోవాలో తెలియాలి. చెవి చుట్టూ లేసు తిప్పే రెండో భాగం చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన పని. దాన్ని మార్చబోతే వేళ్లు మొరాయిస్తాయి. మొదటి భాగం అలా కాదు. ఇన్నాళ్లూ కుడి లేసును ఎడమదాని మీదుగా వేస్తుంటే, ఇకమీదట ఎడమదాన్ని కుడిదాని మీదుగా వేస్తే సరిపోతుంది. మిగతాదంతా మామూలుగానే. కొన్ని రోజులు చెయ్యి పాత దారికే పోతుంది, తర్వాత కుదురుకుంటుంది. ఖర్చు లేదు, కొత్త లేసు అక్కర్లేదు, అదనపు ముడి అక్కర్లేదు. లేసు ఊడుతోందని విసుక్కునేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడితో ఆగిపోవచ్చు.

రీఫ్ నాట్ ఎందుకు నిలుస్తుంది, గ్రానీ ఎందుకు నిలవదు అన్నది నావికులకు, కొండలెక్కేవాళ్లకు అనుభవంగా ఎప్పుడో తెలుసు. లెక్కల్లో మాత్రం 2020లోనే బలమైన సమాధానం దొరికింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విశాల్ పాటిల్, యోర్న్ డుంకెల్, వాళ్ల సహచరులు, ఒత్తిడి పడిన చోట రంగు మారే దారాలతో ముడులు వేసి పరిశీలించారు. ముడి బలాన్ని నిర్ణయించేవాటిలో మూడింటిని వాళ్లు గుర్తించారు. దారం తనను తాను ఎన్నిసార్లు దాటుతోంది, పక్కపక్క దాటుళ్ల దగ్గర మెలి ఎదురెదురుగా పడుతోందా, లాగినప్పుడు పక్కపక్కనున్న దారాలు ఒకదానికొకటి ఎదురుగా జారాల్సి వస్తోందా. రీఫ్‌లో మెలికలు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. గ్రానీలో అన్నీ ఒకే వైపు దొర్లడానికి వీలుంటుంది. పైన చెప్పిన పరీక్షలో ముడి నిలువుకు తిరగడం మనకు కంటికి కనిపించే ఆ దొర్లుడే.

బూటులో ఉన్న అదనపు చిక్కు

మామూలు షూకి ఇంతవరకు చెప్పింది చాలు. చీలమండ దాటి పైకి వచ్చే నడక బూటుకు ఇంకో సమస్య ఉంది. దాని కింది సగంలో కన్నాలో రింగులో, పై సగంలో తెరిచిన హుక్కులు ఉంటాయి. లేసు వీటిలోంచి తేలిగ్గా జారాలనే వాటిని నున్నగా చేస్తారు. ఒక్క లాగుతో బూటంతా బిగుస్తుంది, వేసుకునేటప్పుడు హాయిగా ఉంటుంది. నడిచేటప్పుడు అదే జారుడు ఎదురు తిరుగుతుంది. ప్రతి అడుగులో చీలమండ ముందుకు వంగుతుంది, బూటు పైభాగం కాస్త తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. దాంతో పాదం మీదున్న లేసు పైకి, పైనున్నది కిందికి పాకుతూ ఉంటుంది. ముడి మీద పడే టెన్షన్ అడుగడుగునా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తగ్గిన ప్రతిసారీ ముడి కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. కుదుపు పనిచేసేది సరిగ్గా అప్పుడే.

దీనికి విరుగుడు ముడిలో లేదు, దాని కింద ఉంది. కన్నాలు అయిపోయి హుక్కులు మొదలయ్యే చోట, రెండు లేసులనూ ఒకదాని చుట్టూ ఒకటి ఒకసారి కాకుండా రెండుసార్లు మెలేసి, గట్టిగా పక్కలకు లాగి, ఆ తర్వాతే హుక్కుకు తగిలించాలి. మొదటిసారి చేసినప్పుడు కలిగే ఆశ్చర్యం బాగుంటుంది. చేతులు వదిలేసినా కింది బిగువు అలాగే నిలబడిపోతుంది. గాయానికి కుట్లు వేసేటప్పుడు సర్జన్లు చేసేది కూడా ఇలాంటి పనే. మొదటి మెలికలో అదనంగా ఒక చుట్టు వేస్తే రెండో ముడి వేసేదాకా కుట్టు వదులు కాదు. బూటులో ఈ మెలిక పాదం మీది భాగాన్ని చీలమండ భాగం నుంచి వేరు చేసేస్తుంది. ఇక పైముడి తన పని తాను చూసుకుంటే చాలు, కిందనుంచి వచ్చే అల్లరి దాని దాకా రాదు.

దీంతో ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఎక్కుడులో చీలమండ వంగడానికి పైభాగం కాస్త వదులుగా ఉంటే బాగుంటుంది. దిగుడులో వేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకోకుండా చీలమండ దగ్గర గట్టిగా పట్టి ఉండాలి. మధ్యలో ఈ మెలిక ఉంటే పైనున్న హుక్కులను మాత్రమే విప్పి సర్దుకోవచ్చు, పాదం మీది భాగాన్ని కదిలించే పని లేదు.

హుక్కుల దగ్గర కూడా చిన్న కిటుకు ఉంది. లేసును హుక్కుకు కిందనుంచి తెచ్చి తగిలించడం అందరూ చేసేదే. అలా కాకుండా హుక్కు పైదాకా తీసుకెళ్లి, పైనుంచి కిందికి తగిలిస్తే, లేసు తన మీదుగా తానే దాటి అక్కడ నొక్కుకుంటుంది. అన్ని హుక్కులకూ చేయనక్కర్లేదు, చివరి జతకు చేసినా తేడా తెలుస్తుంది. కొందరు ముందు అన్నిటికంటే పై హుక్కుకు తగిలించి, ఆ తర్వాత దాని కిందిదానికి తగిలించి అక్కడ ముడి వేస్తారు. ముడి కాస్త కిందికి దిగుతుంది కాబట్టి ప్యాంటు అంచు దాన్ని అస్తమానం రాయదు. లేసు అల్లే పద్ధతుల గురించి మాత్రం అంతగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. 2002లో గణిత శాస్త్రవేత్త బర్కార్డ్ పోల్‌స్టర్ లెక్క కట్టి చూపించినట్టు, బిగించే బలంలో అందరికీ అలవాటైన X ఆకారపు అల్లికే మొదటి వరసలో ఉంది. వంకర టింకర అల్లికలు పాదానికి సుఖాన్నివ్వొచ్చు, ముడి ఊడడాన్ని ఆపవు.

ఒక్క చుట్టు ఎంత చేస్తుంది

ముడిలో అదనపు చుట్టుకు అంత బలం ఎక్కడిది? 18వ శతాబ్దపు గణిత శాస్త్రవేత్త లియొనార్డ్ ఆయిలర్ పేరుతో చెప్పుకునే ఒక సూత్రం ఉంది. స్తంభానికి చుట్టిన తాడు ఎంత బరువును ఆపగలదో అది చెబుతుంది. చుట్లు పెరిగే కొద్దీ పట్టు కూడికలా కాదు, గుణకారంలా పెరుగుతుంది. రాపిడి గుణకం (రెండు పైపొరల మధ్య రాపిడి ఎంతో చెప్పే అంకె) 0.3 అనుకుంటే, అర చుట్టు పట్టును సుమారు 2.6 రెట్లు చేస్తుంది. ఒక పూర్తి చుట్టు 6.6 రెట్లు. రెండు చుట్లు 43 రెట్లు. లేసు ముడి స్తంభం అంత సరళమైంది కాదు, కాబట్టి ఈ అంకెలను అచ్చంగా దానికి అతికించకూడదు. కానీ పెరుగుదల తీరు అదే.

అందుకే ముడి మీద ముడి వేయడం కన్నా ముడి లోపల ఒక చుట్టు పెంచడం తెలివైన పని. మొదటి భాగంలో రెండు మెలికలు వేసి, చెవి చుట్టూ కూడా లేసును ఒకసారికి బదులు రెండుసార్లు తిప్పి, ఆ రెండు చుట్ల కిందనుంచి మడతను దూర్చి లాగితే చాలు. చూడడానికి మామూలు ముడిలాగే ఉంటుంది, కాస్త లావుగా కనిపిస్తుంది. విప్పేటప్పుడు రెండు కొసలనూ ఒకేసారి, సమానంగా లాగాలి. ఒకదాన్నే లాగితే చుట్టు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. లేసుల విషయంలో ఏళ్లుగా పనిచేస్తున్న ఆస్ట్రేలియా వాసి ఇయన్ ఫీగెన్ ప్రచారంలోకి తెచ్చిన ముడి ఇంకో దారి పడుతుంది. అందులో రెండు చెవులు చేసి, ఒకదాని మీదుగా ఒకటి దాటించి, రెండింటినీ మధ్య సందులోంచి చెరోవైపు నుంచి దూరుస్తారు. రెండు వైపులా సమానంగా ఉండడం దీని ప్రత్యేకత. వేళ్లకు ఏది కుదిరితే అది, ఫలితంలో పెద్ద తేడా ఉండదు.

ముడి మీద ముడి పూర్తిగా పనికిరాదని కాదు. చెవులు జారకుండా అది ఆపుతుంది. కానీ అడుగున ఉన్నది గ్రానీ అయితే, అది లోపల మెల్లగా వదులవుతూనే ఉంటుంది. పైముడి మాత్రం పదిలంగా కనిపిస్తుంది. బూటు లూజవుతుంది, మడమ పైకీ కిందికీ ఆడుతుంది, బొబ్బ మొదలవుతుంది, లేసు మాత్రం ఊడలేదు. తప్పును దిద్దకుండా దాచేయడమంటే ఇదే. పైగా తడిసి, బురద పట్టి, చలికి వేళ్లు కొయ్యబారినప్పుడు ఆ జంట ముడిని విప్పడం ఎంత ప్రయాసో అనుభవించినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

లేసు సంగతి

అన్నీ సరిగా కట్టినా కొన్ని లేసులు మాట వినవు. నడక బూట్లతో వచ్చేవి ఎక్కువగా గుండ్రటి పాలిస్టర్ లేదా నైలాన్ లేసులు. హుక్కుల రాపిడికి తట్టుకుని చాలాకాలం మన్నుతాయి కాబట్టే వాటిని ఎంచుకుంటారు. కానీ కొత్తలో అవి నున్నగా, బిరుసుగా ఉంటాయి, లోపల మధ్యలో గట్టి పోగు ఉండడంతో ముడిలో ఒదిగి అణగవు. ఆయిలర్ లెక్కలోనే రాపిడి గుణకాన్ని 0.3 నుంచి 0.2కి తగ్గించి చూస్తే, రెండు చుట్ల పట్టు 43 రెట్ల నుంచి సుమారు 12 రెట్లకు పడిపోతుంది. రాపిడి తగ్గింది మూడో వంతే, పట్టు మాత్రం దాదాపు నాలుగో వంతుకు దిగిపోయింది. లేసు మార్చగానే సమస్య మాయమైందని చెప్పేవాళ్ల మాట అతిశయోక్తి కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

చదును లేసు ముడిలో ఎక్కువ మేర ఆనుకుంటుంది, బాగా పట్టుకుంటుంది. మైనం పూసిన గుండ్రటి లేసు కూడా కాస్త జిగురుగా నిలుస్తుంది. మధ్యమధ్యలో ఉబ్బెత్తు గడ్డలున్న లేసులు ముడిలో ఇరుక్కుని జారవు, కానీ చిన్న కన్నాల్లోంచి లాగడం విసుగు పుట్టిస్తుంది. ఇక వానలో నైలాన్ కొంత నీరు పీల్చి సాగుతుంది, పాలిస్టర్ దాదాపు పీల్చదు. నూలు లేసు బాగా నీరు తాగి ఉబ్బి ముడిని బిగించేస్తుంది, ఆరాక వదులవుతుంది. నడక బూట్లకు నూలు లేసు సరైన ఎంపిక కాదు.

పొడవును చాలామంది పట్టించుకోరు. బర్క్‌లీ ప్రయోగం చెప్పినదాన్ని బట్టి కొస ఎంత పొడవైతే విసురు అంత బలంగా ఉంటుంది. ముడి వేశాక కొసలు నేలను తాకేలా వేలాడుతుంటే ఆ లేసు ఆ బూటుకు పొడవెక్కువ. 180 సెంటీమీటర్లది ఉన్నచోట 150 సరిపోతుందేమో చూసుకోవడం మంచిది. చెవులు పెద్దగా ఉండడం ఇంకో రకంగానూ చేటు. ఒక బూటు చెవి రెండో బూటు హుక్కుకు తగులుకుంటే మనిషి చేతులు కూడా ఆడించలేకుండా ముందుకు పడిపోతాడు. లేసు మార్చే వీలు లేకపోతే, చెవులనూ కొసలనూ కింద అడ్డంగా పోయే లేసు వరస కిందికి దోపేయాలి. ఇది చిన్న పనే, కానీ ఊగే భాగమే లేకుండా పోతుంది కాబట్టి ముడిని ఊడదీసే రెండు శక్తుల్లో ఒకటి అక్కడితో ఆగిపోతుంది. గడ్డీ తుప్పలూ కొసను పట్టి లాగే అవకాశం కూడా పోతుంది. కాళ్లకు గెయిటర్లు (బూటు పైభాగాన్నీ పిక్కనూ కప్పే తొడుగులు) తొడుక్కునేవాళ్లకు ఈ లాభం అడక్కుండానే దొరుకుతుంది.

కొత్తగా కట్టిన బూటు మొదటి పదిహేను ఇరవై నిమిషాల్లో ఎలాగూ కొంత వదులవుతుంది. మేజోళ్లు అణుగుతాయి, బూటు నాలుక సర్దుకుంటుంది, తోలు వేడెక్కి మెత్తబడుతుంది. దీన్ని ముడి తప్పుగా లెక్కేయకూడదు. ఒకసారి ఆగి, మళ్లీ కట్టుకుంటే సరి.

ఇవన్నీ చేశాక కూడా ఎప్పుడూ ఒక్క బూటు లేసే ఊడుతుంటే ముడిని అనుమానించడం దండగ. రెండు బూట్లకూ ముడి వేసేది అవే చేతులు, అదే పద్ధతి. ముడిదే తప్పయితే రెండూ ఊడాలి. అలాంటప్పుడు రెండు బూట్ల లేసులనూ అటుదిటు మార్చి నడిచి చూడాలి. సమస్య లేసుతో పాటే రెండో బూటుకు వెళ్లిపోతే లేసు ఒకచోట అరిగి నున్నబడిందనో, చివర్లు అసమానంగా ఉండి ఒక కొస పొడవైందనో అర్థం. సమస్య పాత బూటు దగ్గరే ఉండిపోతే, ఒక హుక్కు వంగి నోరు తెరుచుకుని ఉంటుంది, లేదా నాలుక ఒక పక్కకు జరిగి ముడి ఏటవాలుగా కూర్చుంటోంది. నోరు తెరుచుకున్న హుక్కును ప్లయర్‌తో కొద్దిగా నొక్కి సరిచేయవచ్చు. నాలుక జరిగిపోతుంటే, దాని మధ్యలో ఉండే చిన్న పట్టీలోంచి లేసును దూర్చి కట్టాలి. ఆ పట్టీ చాలా బూట్లకు ఉంటుంది, వాడేవాళ్లే తక్కువ.